చేయి తిరిగిన యంత్రం

పోయిన నెల ఈ శీర్షికలో మిక్సీ మోటారు ఎందుకు వేడెక్కుతుందో చెబుతూ, "మోటారు తిప్పడం ఎంతసేపు, చేయి తిప్పడమే కష్టం" అని ఒక మాట జారాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని రోబో చేతుల గురించి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సరే, బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో ముప్పై ఒక్క ఏళ్ళు మెయింటెనెన్సు చేసినవాణ్ణి, అందులో చివరి పన్నెండేళ్ళు రోబో చేతుల మధ్యే గడిపినవాణ్ణి. ఈ నెల చోటంతా వాటికే ఇచ్చేస్తున్నాను. పైగా మూడు నెలలుగా నా కుడి భుజం బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు రోజూ గోడ మీద వేళ్ళు పాకిస్తూ నిలబడుతున్నాను. కీళ్ళ గురించి ఆలోచించడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

కాలేజీ ప్రదర్శన కోసం సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ అట్ట) రోబో చేయి చేశాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిన్న నీలం సర్వో మోటార్లు నాలుగు పెట్టాను. చేయి పొడవు 30 సెంటీమీటర్లు. రబ్బరు ముక్కను ఎత్తబోతే భుజం వణుకుతూ కిందికి వాలిపోతోంది. నాన్న మోటార్లు నకిలీవి అంటున్నారు. నాకేమో ప్రోగ్రాం తప్పేమోనని అనుమానం.
— ఇంటర్ విద్యార్థిని, మల్కాజ్‌గిరి

ప్రోగ్రాం తప్పు కాదమ్మా. మోటార్లూ మంచివే అయి ఉండవచ్చు. తప్పంతా ఆ 30 సెంటీమీటర్లది.

సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే మోటారు. నువ్వు కొన్న 9 గ్రాముల సర్వో కాగితంలో, 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) అని ఉంటుంది. ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 1.8 కిలోలు వేలాడదీస్తే అది కదలలేక నిలిచిపోతుందని దాని అర్థం. అది మోయగల బరువు కాదు, దాన్ని ఓడించే బరువు. పనికి వచ్చేది అందులో సగమే అనుకో.

ఇప్పుడు నీ చేతి లెక్క ఉజ్జాయింపుగా వేద్దాం. రబ్బరు ముక్క 20 గ్రాములు, దాన్ని పట్టే పంజా, పంజా మోటారు కలిపి 25. ఈ 45 గ్రాములూ భుజానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి 1,350. మోచేతి మోటారు, మరలు కలిపి 12 గ్రాములు, దూరం 15. అది 180. సన్‌బోర్డు 40 గ్రాములు. అది చేయంతా పరుచుకుని ఉంది కనుక నడిమధ్యన, 15 దగ్గర ఉన్నట్టు లెక్క. అది 600. మొత్తం 2,130 గ్రాము-సెంటీమీటర్లు, అంటే 2.13 కిలో-సెంటీమీటర్లు. 1.8 దగ్గరే ఓడిపోయే మోటారు ఇక్కడ చేతులెత్తేయక ఏం చేస్తుంది? చేయి అడ్డంగా చాచినప్పటి మాట ఇది. నిటారుగా ఎత్తి చూడు, ఆ మోటారే హాయిగా నిలబెడుతుంది.

పొడవును 20కి తగ్గించి మళ్ళీ లెక్క వేస్తే 1.29 వస్తుంది. పొడవు మూడో వంతు తగ్గితే భారం 40 శాతం దాకా తగ్గింది, ఎందుకంటే దానితోపాటు సన్‌బోర్డు బరువూ తగ్గింది. అయినా అది అంచు మీద నడకే. భుజానికి మాత్రం లోహపు గేర్లున్న 55 గ్రాముల సర్వో పెట్టు, దాదాపు 10 కిలో-సెంటీమీటర్లు ఇస్తుంది. డబ్బు దండగ అనుకుంటే భుజం వెనక తోకలా కాస్త సన్‌బోర్డు పెంచి దానికి నాలుగు ఇనుప నట్లు కట్టు. ఏతానికి వెనక రాయి కట్టేది ఇందుకే. మీ తాతగారికి తెలిసి ఉంటుంది, అడుగు.

వణుకు సంగతి వేరు. మోటార్లకు కరెంటు నీ ప్రోగ్రాం నడిపే ఆర్డుయినో బోర్డు నుంచే ఇస్తున్నావు కదూ? బరువు పడగానే మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, బోర్డు స్పృహ తప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. మోటార్లకు విడిగా 5 వోల్టుల సప్లై ఇచ్చి, దాని గ్రౌండు తీగనూ బోర్డు గ్రౌండు తీగనూ కలుపు. కలపడం మరచిపోతే ఇప్పటి వణుకే నయమనిపిస్తుంది.

ఇంకొకటి చేసి చూడు. ఎడమచేత్తో కుడి ముంజేతిని గట్టిగా పట్టుకుని కుడిచేతి వేళ్ళు ఆడించు. వేళ్ళ దగ్గర కాదు, మోచేతి కింద కండరాలు కదులుతాయి. వేళ్ళను ముడిచే పెద్ద కండరాలన్నీ అక్కడే ఉన్నాయి, అక్కడి నుంచి నరాల్లాంటి తాళ్ళతో వేళ్ళను లాగుతాయి. బరువును కొసన పెట్టకూడదన్న సూత్రం నీ చేతిలోనే ఉంది. ఫ్యాక్టరీ రోబోలు చాలావాటిలో మణికట్టు మోటార్లను మోచేతి వెనక్కి నెట్టేదీ ఇందుకే.

రోబో చేతికి ఆరు కీళ్ళుంటాయని చదివాను. ఆరే ఎందుకు? ఐదు వేళ్ళలా ఐదో, అష్టదిక్కుల్లా ఎనిమిదో ఎందుకు కాలేదు? దీన్ని మొదట చేసినవారెవరు?
— రిటైరైన తెలుగు ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

నమస్కారం మాస్టారూ. మన భాషలో రెండు మాటలున్నాయి: చోటు, వాటం. గ్లాసును బల్ల మీద పెట్టాలంటే రెండూ కుదరాలి. చోటుకి మూడు లెక్కలు: ముందు-వెనక, కుడి-ఎడమ, పైన-కింద. వాటానికీ మూడే: ముందుకు వంచడం, పక్కకు వంచడం, ఉన్నచోటే తిప్పడం. మూడూ మూడూ ఆరు. ఒక వస్తువును అందినంత మేరలో ఏ చోట, ఏ వాటంలో పెట్టాలన్నా ఆరు కీళ్ళు ఉండి తీరాలి. ఒకటి తగ్గితే ఏదో ఒక వాటం కుదరదు.

అన్ని పనులకూ ఆరు అక్కర్లేదు. సర్క్యూట్ బోర్డు మీద భాగాలు పైనుంచి కిందికి దించడానికి నాలుగు చాలు. జపాన్‌లో యమనాషి విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి మకినో 1978లో అలాంటి స్కారా చేతిని రూపొందించాడు. అది పక్కలకు మెత్తగా సర్దుకుంటుంది, కిందికి గట్టిగా నొక్కుతుంది. రంధ్రంలో మేకు దించడానికి సరిగ్గా కావలసిన గుణం.

మనకు మాత్రం ఏడు. భుజానికి మూడు, మోచేతికి ఒకటి, తాళం తిప్పేటప్పుడు ముంజేయి మెలితిరిగేది ఒకటి, మణికట్టుకు రెండు. ఆ ఏడోది ఎందుకో చూడాలంటే అరచేతిని బల్ల మీద ఆనించి, భుజం కదలకుండా మోచేతిని పైకీ కిందికీ ఊపండి. అరచేయి ఉన్నచోటే ఉంది, మోచేయి మాత్రం స్వేచ్ఛగా తిరిగింది. ఒకే పనిని పలు దారుల్లో చేసే వెసులుబాటు అది. నా భుజం బిగుసుకున్న తరువాత పై అరలోని ఊరగాయ జాడీ అందుకోవడానికి నడుం పక్కకు వంచి, మోచేతిని చెవి దగ్గరకు తెచ్చి, ఏదో కొత్త భంగిమ కనిపెట్టాను. మా ఆవిడ నవ్వింది గానీ జాడీ అందింది. రోబో కంట్రోలరు కూడా ఒక కీలు దాని హద్దు దాకా వస్తే ఇలాగే ఇంకో దారి వెతుకుతుంది, మిగులు కీలంటూ ఉంటే.

మొదట చేసినవారా? అమెరికాలో జార్జ్ డెవోల్ 1954లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ దాన్ని యునిమేట్ పేరుతో వ్యాపారంగా నిలబెట్టాడు. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో కాలుతున్న పోత భాగాలను అచ్చుల నుంచి తీసి పెట్టే పనిలో చేరింది. భాషా పండితులు కనుక ఇంకో ముక్క: రోబో అన్న పేరు చెక్ భాషలో వెట్టిచాకిరిని చెప్పే మాట నుంచి పుట్టింది.

మా వీధిలో డ్రైనేజీ పైపుల కోసం తవ్వుతున్నారు. దుకాణంలో కూర్చుని రోజంతా జేసీబీనే చూస్తున్నాను. రోబో చేయి కూడా ఇలాగే పనిచేస్తుందా? ఏ కీలు ఎంత వంగాలో దానికి ఎవరు చెబుతారు?
— కిరాణా వ్యాపారి, నాగోల్

మీరు చూస్తున్నది చక్రాల మీద నిలబడ్డ చేయే. బూము భుజం, దాని ముందున్న ఆర్ము మోచేతి నుంచి కింది భాగం, బకెట్టు మణికట్టు. కాలువ అడుగు సమంగా రావాలంటే బకెట్టు పళ్ళు తిన్నగా వెనక్కి జరగాలి. కానీ ఆ మూడింటిలో తిన్నగా జరిగేది ఒక్కటీ లేదు, అన్నీ ఇరుసు చుట్టూ గుండ్రంగా తిరిగేవే. మూడు గుండ్రాలు కలిపి ఒక తిన్నని గీత తీయాలి. డ్రైవరు బూము లేపుతూ, ఆర్ము లాగుతూ, బకెట్టు వాటం సర్దుతూ మూడింటినీ ఒకేసారి నడపడం ఈసారి గమనించండి. అతను కోణాలు లెక్కపెట్టడు. చేయి తిరిగినవాడు కాబట్టి అవి వాటంతట అవే వస్తాయి.

రోబోకు ఆ అనుభవం లేదు, లెక్కే దిక్కు. కోణాలు ఇచ్చి కొస ఎక్కడుందని అడిగితే తేలిక. కొస ఫలానా చోట ఉండాలి, కోణాలెంత అన్నది తిరగేసిన ప్రశ్న. ఇన్వర్స్ కైనమాటిక్స్ అని దాని పేరు. పైచేయి 40, ముంజేయి 30 సెంటీమీటర్లు అనుకోండి. వస్తువు భుజానికి 50 దూరంలో ఉంది. 30, 40, 50: తాపీమేస్త్రీ గోడ మూల సరిచూసే లెక్కే. మోచేయి సరిగ్గా 90 డిగ్రీల దగ్గర ఉండాలి. వస్తువు 60 దూరంలో ఉంటే 117 డిగ్రీల చిల్లర. 70 దగ్గర చేయి పూర్తిగా చాచుకుపోతుంది, ఆపైన అందదు. 10 కంటే దగ్గరున్నదీ అందదు, మీ కుడి మోచేతిని కుడిచేత్తోనే ముట్టుకోలేనట్టే.

చిక్కు ఎక్కడంటే, ఒకే చోటుకి మోచేయి పైకి పెట్టీ వెళ్ళవచ్చు, కిందికి పెట్టీ వెళ్ళవచ్చు. ఆరు కీళ్ళ ఫ్యాక్టరీ చేతికి మామూలుగా ఎనిమిది దాకా జవాబులుంటాయి. ఏది ఎంచుకోవాలి? ఇప్పుడున్న భంగిమకు దగ్గరిది, దేనికీ తగలనిది. ఆ ఎంపిక తప్పితే లెక్క సరిగ్గా ఉండి కూడా చేయి పక్కనున్న స్తంభాన్ని కొడుతుంది.

ఇక తిన్నని గీత. ప్రతి మోటారునూ దాని చివరి కోణానికి నేరుగా పొమ్మంటే కొస విల్లులా వంగి పోతుంది. అది వేగంగా జరిగే పద్ధతి, దారిలో అడ్డు లేనప్పుడు అదే మేలు. గీతలాగే పోవాలంటే దారి మొత్తాన్ని చిన్న చిన్న మెట్లుగా కోసి, కొన్ని మిల్లీసెకన్లకొకసారి పై లెక్కంతా మళ్ళీ చేయాలి. 70 సెంటీమీటర్ల చేతిలో భుజం ఒక్క డిగ్రీ తప్పితే కొస 12 మిల్లీమీటర్లు తప్పుతుంది మరి.

సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసే రోబో మీద ఆపరేటరుగా చేరి నాలుగు నెలలైంది. తిన్నగా వెళ్ళమని నేర్పితే మధ్యలో ఒకచోట మణికట్టు ఉన్నట్టుండి గిర్రున తిరగబోయి, అలారం మోగి ఆగిపోతోంది. సీనియర్లు "అక్కడ పాయింటు పెట్టకు" అంటారు, కారణం చెప్పరు.
— ఆపరేటర్, చర్లపల్లి

మీది అలారం మోగి ఆగింది, అదృష్టవంతులు. నేను ఒక ఫ్యాక్టరీలో పాత చేతి మీద ఇదే పని చేస్తుంటే అది ఆగలేదు. మణికట్టు సగం చుట్టు విసురుగా తిరిగింది, గొట్టం తెగింది, నల్లటి జిగురు నా చొక్కా మీదా, పరిశీలనకు వచ్చిన మేనేజరు చొక్కా మీదా సమంగా పడింది. ఆయనది తెల్ల చొక్కా.

సంక్రాంతికి మేడ మీద నిలబడి గాలిపటాన్ని చూస్తున్నారనుకోండి. పటం తూర్పు నుంచి మీ వైపు వస్తోంది, మెడ మెల్లగా పైకి లేస్తోంది. నడినెత్తి మీదుగా పడమటికి దాటింది. ఇప్పుడు చూపు తప్పకూడదంటే ఒళ్ళంతా ఒక్క క్షణంలో వెనక్కి తిరగాలి. పటం తన మానాన నింపాదిగానే పోయింది, గిర్రున తిరగవలసి వచ్చింది మీరు. అదే పటం కాస్త దూరంగా, పక్కగా దాటి ఉంటే మెల్లగా తిరిగితే సరిపోయేది.

మీ రోబో కీళ్ళను అడుగు నుంచి లెక్కపెడితే, నాలుగో కీలు, ఆరో కీలు ఒకే గీతలోకి వచ్చినప్పుడు జరిగేది ఇదే. ఐదో కీలు సున్నా దగ్గర ఉంటే మిగతా రెండూ ఒకే తిప్పుడు తిప్పుతాయి. ఆరు కీళ్ళున్నా ఆ క్షణానికి పనిచేసేవి ఐదే, ఒక దిక్కున కదలిక పోతుంది. ఆ దిక్కునే తిన్నగా వెళ్ళమంటే మోటారు అసాధ్యమైన వేగంతో తిరగాలి. దీన్ని సింగ్యులారిటీ అంటారు. చేయి పూర్తిగా చాచినప్పుడు మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు సరిగ్గా మొదటి ఇరుసు మీదికి వచ్చినప్పుడు ఇంకొకటి ఉంటాయి.

పాయింటు మార్చడం తాత్కాలికం. టీచ్ పెండెంట్ (రోబోకు కదలికలు నేర్పే చేతి పెట్టె) తెరలో ఐదో కీలు కోణం చూస్తూ నడపండి, అది సున్నాకు దగ్గరవుతున్న చోటే మీ చిక్కు. జిగ్గును (పని ముక్కను పట్టి ఉంచే చట్రాన్ని) పది, పదిహేను డిగ్రీలు వంచి బిగించమని అడగండి. లేదా నాజిల్‌నే కొంచెం ఏటవాలుగా పెట్టండి. జిగురు పూయని చోట అయితే తిన్నని కదలిక మానేసి మామూలు కీళ్ళ కదలిక ఇవ్వండి.

నేర్పేటప్పుడు వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదన్న నియమాన్ని తొందరలో దాటించకండి. పెండెంట్ వెనకనున్న మీట సగం నొక్కితేనే చేయి నడుస్తుంది, వదిలినా ఆగుతుంది, గట్టిగా బిగించినా ఆగుతుంది. భయపడ్డ మనిషి వదిలేయనూ వచ్చు, బిగబట్టనూ వచ్చు కదా. ఆ మీటను టేపు చుట్టి కట్టేసిన ఘనులను నేను చూశాను. వాళ్ళ పక్కన నిలబడకండి.

ఉస్మానియా బిస్కెట్లను పెట్టెల్లో సర్దే యంత్రం పెట్టుకోవాలని ఉంది. మనిషి చేత్తో సర్దితే విరగని బిస్కెట్టు యంత్రం పట్టుకుంటే ఎందుకు విరుగుతుంది?
— బేకరీ యజమాని, నాంపల్లి

ఉస్మానియా బిస్కెట్టును చాయ్‌లో ముంచి, విరిగి కప్పులో పడే క్షణానికి ముందే తీసి నోట్లో పెట్టుకోవడం హైదరాబాదీకి ఎవరూ నేర్పరు. వేళ్ళకు అది మెత్తబడడం తెలుస్తుంది. యంత్రానికి లేనిది ఆ తెలివే. లెక్కలు, చదరంగం యంత్రానికి సులువు, ఏడాది పిల్లవాడు చేసే పనులు దానికి కష్టమని హాన్స్ మొరావెక్ అనే శాస్త్రవేత్త 1988లోనే రాశాడు.

బిస్కెట్టు 15 గ్రాములనుకుందాం. రెండు వేళ్ళతో పక్కల నుంచి పట్టుకుంటే నిలిపేది ఒరిపిడి. ఒరిపిడి గుణకం 0.4 అయితే ఒక్కో వేలు 19 గ్రాముల బరువంత నొక్కితే చాలు, అంత సుకుమారంగా. కానీ సర్దే యంత్రం తొందరలో ఉంటుంది. భూమ్యాకర్షణకు ఐదు రెట్ల త్వరణంతో పైకి లేపితే అదే వేలు ఆరు రెట్లు, 112 గ్రాములంత నొక్కాలి. పొడిపొడిగా ఉండే బిస్కెట్టు అంచు అక్కడ రాలుతుంది. పట్టుకోవడంలో కాదు, ఊపడంలో విరుగుతోంది. ఇరానీ హోటల్లో నిండు కప్పులు తెచ్చే మనిషి మెల్లగా బయలుదేరి మెల్లగా ఆగుతాడు, మధ్యలోనే వేగం. యంత్రానికీ అదే నేర్పాలి.

మీకు నా సలహా: వేళ్ళ గ్రిప్పర్ వద్దు. గాలితో పీల్చే మెత్తని, ముడతల కప్పు అడగండి. బిస్కెట్టు పైభాగం గరుకు, గాలి లోపలికి కారుతూనే ఉంటుంది. కాబట్టి లోతైన వాక్యూమ్ కంటే ఎక్కువ గాలి లాగే బ్లోయరు ముఖ్యం. పొడి పట్టే ఫిల్టరు రోజూ దులపాలి, లేదంటే మూడో రోజుకు పట్టు పోతుంది. పైనుంచి వేలాడే మూడు సన్నని చేతుల డెల్టా రోబోను మీకు చూపిస్తారు. స్విట్జర్లాండ్‌లో రేమండ్ క్లావెల్ 1980లలో రూపొందించినది. దాని మోటార్లు పైన కదలకుండా ఉంటాయి కనుక చేతులు తేలిక. మల్కాజ్‌గిరి అమ్మాయికి చెప్పిన సూత్రమే. కొనే ముందు మీ బిస్కెట్లే ఒక పెట్టెడు తీసుకెళ్ళి, పొద్దున కాల్చినవీ నిన్నటివీ కలిపి వాళ్ళ ముందు ఆడించండి. వాళ్ళు తెచ్చిన ప్లాస్టిక్ బిళ్ళలతో ప్రదర్శన చూసి బయానా ఇవ్వకండి.

మావారికి ప్రోస్టేట్ ఆపరేషన్ రోబోతో చేస్తామన్నారు. దానంతట అదే కోసేస్తుందా అని భయంగా ఉంది.
— గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

కోయదమ్మా. పేరుకే రోబో. సర్జను పక్కనే ఒక పెట్టె ముందు కూర్చుని వేళ్ళు కదిలిస్తేనే అది కదులుతుంది. ఆయన చేయి పెద్దగా కదిలితే లోపల పరికరం చిన్నగా కదులుతుంది, చేతి వణుకును వడగడుతుంది. ఇంకో మంచి గుణం ఉంది. పొట్ట మీద చిన్న రంధ్రం ఉంటుంది కదా, చేయి ఎటు తిరిగినా ఆ రంధ్రం దగ్గర మాత్రం పక్కకు నెట్టకుండా, అక్కడ ఇరుసు ఉన్నట్టే తిరిగేలా తయారు చేశారు. యంత్రం గురించి అడగడం కంటే ఈ ఆపరేషన్ ఇప్పటిదాకా ఎన్ని చేశారని సర్జనునే అడగండి. అది తప్పుగా అనుకోరు.

వెల్డింగ్ షెడ్డు ఉంది. పాత రోబో చేయి ఒకటి అమ్మకానికి వచ్చింది. కేటలాగులో 0.08 మిల్లీమీటర్లు అని ఉంది. నమ్మవచ్చా?
— షెడ్డు యజమాని, కుషాయిగూడ

ఆ అంకె ఏమిటో ముందు తెలుసుకోండి. ఒకసారి నేర్పిన చోటుకే మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు ఎంత తేడా వస్తుందో అది చెబుతుంది. కంప్యూటర్ బొమ్మలో కొలిచి ఇచ్చిన చోటుకు మొదటిసారే సరిగ్గా వెళ్తుందని కాదు. ఆ తేడా ఒక మిల్లీమీటరు ఉన్నా ఆశ్చర్యపోకండి. మీరు చేత్తో నేర్పి, ఒకే జిగ్గులో వెల్డింగ్ చేస్తారు కనుక మొదటి అంకే మీకు కావాలి. కొత్తప్పుడు రాసిన అంకె అది, ఇప్పటిది మీరే కొలవాలి.

చిన్న తేడాను ముల్లుతో చూపే డయల్ గేజి, దాని అయస్కాంతపు స్టాండు తీసుకెళ్ళండి. చేతిని పూర్తి బరువుతో, అలవాటైన వేగంతో ఒకే చోటుకి 30 సార్లు రప్పించి ముల్లు ఎంత ఆడుతుందో రాసుకోండి. గంట నడిచి వేడెక్కిన తరువాత మళ్ళీ చేయండి. తరువాత బ్రేకులు పట్టి ఉండగా కొసను చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. టక్కుమని చిన్న దెబ్బలా తగిలితే గేర్లలో ప్లే (వదులు) వచ్చినట్టే, ముఖ్యంగా రెండో, మూడో కీళ్ళలో. భారమంతా మోసేవి అవే. చివరగా ఆ కీళ్ళ గ్రీజు మూత విప్పమనండి. వేలికి అంటిన గ్రీజును ఎండలో చూస్తే అందులో ఇనుపరజను తళుక్కుమనకూడదు. మూత విప్పడానికి అమ్మేవాడు తటపటాయిస్తే, లేదా చేతికి నిన్నగాక మొన్న రంగు వేసి ఉంటే, అక్కడ చాయ్ తాగి వచ్చేయండి.